సున్నం గీసినోళ్లకు సన్మానం ఎప్పుడు?

కాలేజీల్లో వార్షికోత్సవాలు మొదలైనయంటే సన్మానాలు మొదలైనట్టే. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూర్లల్ల ఏ కాలేజీ గోడ చూసినా ఫ్లెక్సీలే. రజతోత్సవం, స్వర్ణోత్సవం, పూర్వ విద్యార్థుల సమ్మేళనం. వాటి నడుమ 'పూర్వ క్రీడాకారులకు, శిక్షకులకు ఘన సన్మానం' అని ఇంకో కార్యక్రమం. మంచిదే. ఒకప్పటి ఆటగాన్ని తలుచుకోవడం చెడ్డపని అని మేం అనం. కానీ ఆ స్టేజీ ఎవరిది, శాలువా ఎవరి భుజం మీద పడుతున్నది, స్టేజీ కింద కుర్చీలు మోస్తున్నది ఎవరు అని అడక్కుండా చప్పట్లు కొట్టే అలవాటు దళిత ఉద్యమానికి లేదు.

ఈ సభలు ఎట్ల జరుగుతయో అందరికీ తెలుసు. ముఖ్య అతిథి ఎమ్మెల్యేనో మాజీ మంత్రో. పక్కన కాలేజీ కరస్పాండెంటు. ఆయన పక్కన దాత. ఆ తర్వాత ఎన్నడో యూనివర్సిటీ జట్టుకు క్రికెట్ ఆడి ఇయ్యాల అమెరికాలో స్థిరపడ్డ పెద్దమనిషి. టైం మిగిలితే పీడీ సారు. ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో ఉత్తకాళ్లతో ఐదువేల మీటర్లు ఉరికి కాలేజీకి షీల్డు తెచ్చిన పిల్లగాడు ఆ రోజు ఎక్కడుంటడు? గూడ్స్ షెడ్డులో బస్తాలు మోస్తుంటడు. కాకుంటే ఆటో నడుపుతుంటడు. ఆయన తెచ్చిన షీల్డు మాత్రం ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో ఉంటది. షీల్డు మీద కాలేజీ పేరుంటది, సంవత్సరం ఉంటది. ఉరికినోని పేరుండదు.

పెద్ద కాలేజీల సంగతి పక్కన పెడదాం. వాళ్లకు డబ్బుంది, పత్రికలున్నయ్, పూర్వ విద్యార్థుల సంఘాలున్నయ్. మా ముచ్చట చిన్న కాలేజీల గురించి. సర్కారు డిగ్రీ కాలేజీలు, గురుకుల కాలేజీలు, మండల కేంద్రాల్లోని జూనియర్ కాలేజీలు. మన పిల్లలు చదివేది అక్కడ. ఆడేది అక్కడ. కబడ్డీకి, ఖోఖోకు, వాలీబాల్‌కు, ఉరుకుడు పందేలకు ఖర్చు తక్కువ, ఒళ్లు ఉంటే చాలు. అందుకే ఆ ఆటల్లో మన పిల్లలు ఎక్కువ. ఆ ఆటలకు సన్మానాలు తక్కువ.

మన జిల్లా బిడ్డ సంగతే చూడండి. పర్వతగిరి మండలం కల్లెడ. జీవంజి దీప్తి ఊరు. 2003లో పుట్టింది. అమ్మానాయినలు కూలి చేసుకుని బతికేటోళ్లు. బిడ్డకు పుట్టుకతోనే మేధో వైకల్యం. మాట నెమ్మది, చదువు అందదు. ఊర్లో ఏమన్నరు? 'పిచ్చిది' అన్నరు. 'కోతి' అన్నరు. ఎక్కడన్న అనాథాశ్రమంలో వదిలెయ్యమని తల్లిదండ్రులకు సలహా చెప్పిండ్రు. ఈ మాటలన్నీ ఆ కుటుంబమే తర్వాత పత్రికలవాళ్లకు చెప్పుకున్నది. ఇక్కడ మనం కూడా కొంచెం తల దించుకోవాలె. కులం పేరుతో పిలిస్తే భగ్గుమనే మన వాడల్లోనే, బుద్ధి నెమ్మదిగా ఉన్న బిడ్డను 'పిచ్చిది' అని పిలిచే నోర్లు ఇయ్యాలటికీ ఉన్నయ్. మనిషిని మాటతో వెలివెయ్యడం అగ్రకులపోడు ఒక్కడే నేర్చిన విద్య కాదు.

ఆ బిడ్డ కాళ్లల్ల ఏమున్నదో మొదలు చూసింది ఎవరు? మంత్రి కాదు, స్పోర్ట్స్ అథారిటీ కాదు. ఊరి బడిలో ఆటలు నేర్పే సారు. ఆయన కంట్ల పడకుంటే దీప్తి ఇయ్యాల పత్తి ఏరుతుండేది. తర్వాత ఖమ్మంలో రాష్ట్ర స్థాయి పోటీల్లో నాగపురి రమేశ్ చూసిండు. రమేశ్ వరంగల్ బిడ్డ, అప్పట్ల భారత క్రీడా ప్రాధికార సంస్థ కోచ్, 2016లో ద్రోణాచార్య అవార్డు తీసుకున్న మనిషి. బిడ్డను హైదరాబాద్ పంపమని అడిగితే బస్సు చార్జీలు కూడా లేని ఇల్లు అది. ఎట్లనో పంపిండ్రు. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో పరీక్షలు చేయించినంక ఆమె పారా క్రీడల్లో టీ-20 విభాగంలోకి వచ్చింది. టీ-20 అంటే క్రికెట్ కాదు, మేధో వైకల్యం ఉన్నోళ్ల విభాగం. ఈ ఒక్క వాక్యం ఎందుకు రాయాల్సి వచ్చిందో పాఠకులకు తెలుసు.

ఆ తర్వాత జరిగింది లోకమంతా చూసింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో ప్రపంచ చాంపియన్‌షిప్. 55.07 సెకన్లు. ప్రపంచ రికార్డు. 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లకు కాంస్యం. మేధో వైకల్యం ఉన్న భారత క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం తెచ్చిన మొదటి మనిషి ఆమె. 'పిచ్చిది' అన్న ఊరే దండలు పట్టుకుని ఎదురొచ్చింది. బతుకు కోసం అమ్ముకున్న భూమిని ఆ కుటుంబం పతకాల డబ్బుతో మళ్లా కొనుక్కున్నది.

2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సన్మానం ప్రకటించింది. దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల జాగ. కోచ్ రమేశ్‌కు 10 లక్షలు. సంతోషమే, కాదనం. ఎన్నడూ ఏమీ ఇయ్యనోళ్లు ఏదో ఇచ్చినప్పుడు పుచ్చుకోవాలె, అడగాల్సింది అడగాలె. 2016లో రియో నుంచి రజతం తెచ్చిన పి.వి. సింధుకు ఇదే తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, 1000 గజాల జాగ ప్రకటించింది. ఆమె కోచ్ గోపీచంద్‌కు కోటి. అదే రియోలో కాంస్యం తెచ్చిన హర్యానా అమ్మాయి సాక్షి మాలిక్‌కు కోటి. సింధు కష్టాన్ని మేం తక్కువ చెయ్యం. గోపీచంద్ సాయం దీప్తికి కూడా అందింది, అది దాచిపెట్టాల్సిన సంగతి కాదు. అయినా లెక్క లెక్కే. వేరే రాష్ట్రం బిడ్డ కాంస్యానికి 2016లో కోటి. ఎనిమిదేండ్ల తర్వాత సొంత రాష్ట్రం బిడ్డ కాంస్యానికి అదే కోటి. ఎనిమిదేండ్లల్ల బియ్యం ధర పెరిగింది, భూమి ధర పెరిగింది, పారాలింపిక్ కాంస్యం ధర మాత్రం పెరగలేదు. కోచ్‌ల దగ్గరికి వస్తే కోటికీ 10 లక్షలకూ పదింతల తేడా. రజతానికీ కాంస్యానికీ అంత దూరమా? కేంద్ర ప్రభుత్వం పారిస్ పారాలింపిక్స్ పతకాలకు స్వర్ణానికి 75 లక్షలు, రజతానికి 50, కాంస్యానికి 30 లక్షలు ప్రకటించింది. అక్కడ మెట్టుకూ మెట్టుకూ ఒక లెక్కన్నా ఉన్నది. ఇక్కడ లెక్క లేదు, ఇష్టం ఉన్నది. పాలకుడు సభలో నిలబడి ఎంత అంటే అంత. ఇదీ దొరల కాలం నాటి ఈనాం పద్ధతే. ఈనాం ఇచ్చినోని పేరు ఫ్లెక్సీ మీద పెద్దగా ఉంటది, పుచ్చుకున్నోళ్ల పేరు చిన్నగా ఉంటది.

ఇక అవార్డుల పేర్లు. ఆటగాళ్లకు అర్జున, 1961 నుంచి. కోచ్‌లకు ద్రోణాచార్య, 1985 నుంచి. ఈ దేశంలో గురువు పేరు మీద అవార్డు పెట్టాలంటే దొరికింది ఎవరయ్యా? నేర్పను పో అని నిషాదుల పిల్లగాన్ని వెళ్లగొట్టి, వాడు తనంతట తాను నేర్చుకుంటే బొటనవేలు కోసిమ్మన్న ఆచార్యుడు. ఏకలవ్యుని వేలు మీద నిలబడ్డ అర్జునుని పేరు ఆటగానికి, ఆ వేలు అడిగినోని పేరు కోచ్‌కి. ఇది కాకతాళీయం కాదు, మనువాదం మనసులో ఉన్నది బయటికి రావడం. వింత ఏమిటంటే, ఎవరూ పట్టించుకోని పిల్లలను వెతికి పట్టుకొచ్చి నేర్పిన రమేశ్ లాంటోళ్లు కూడా ఆ ద్రోణుని పేరే మెడలో వేసుకోవాలె. వేలు అడగని గురువుకు, వేలు అడిగిన గురువు పేరు.

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. పాత క్రీడాకారుల జీవితకాల కృషికి 2002 నుంచి ధ్యాన్‌చంద్ పేరు మీద ఒక అవార్డు ఉండేది. ధ్యాన్‌చంద్ నిజం మనిషి, హాకీ కర్ర పట్టిన మనిషి. 2024 సంవత్సరం అవార్డుల నుంచి దాన్ని తీసేసి 'అర్జున జీవితకాల అవార్డు' చేసిండ్రు. ధ్యాన్‌చంద్ పేరు 2021లో ఖేల్‌రత్నకు పెట్టినం గదా అంటరు. పెట్టిండ్రు. కానీ ముసలి ఆటగాళ్లకు మిగిలింది మళ్లా పురాణమే. ఆ కొత్త పేరుతో మొదటిసారి ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మురళీకాంత్ పేట్కర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్లు పడిపోయిన సైనికుడు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో దేశానికి మొట్టమొదటి పారాలింపిక్ బంగారు పతకం తెచ్చిండు. ఆయనకు ఆ అవార్డు చేతికి వచ్చింది 2025 జనవరి 17న. యాభై రెండేండ్లు దాటినంక. అదే రోజు, అదే హాల్లో మన దీప్తికి అర్జున అవార్డు ఇచ్చిండ్రు. పారా ఆటగాళ్లను ఈ దేశం ఎంత ఆలస్యంగా చూస్తదో చెప్పడానికి ఆ ఒక్క రోజు సరిపోతది.

కోచ్‌ల మాటకొస్తే హైదరాబాద్ రహీం సాబ్ సంగతి తలవకుండా ఎట్ల? సయ్యద్ అబ్దుల్ రహీం, బడి పంతులు. ఆయన నేర్పిన భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ తర్వాత ఇన్నేండ్లల్ల మన ఫుట్‌బాల్ మళ్లా అంతెత్తు ఎక్కలేదు. 1963లో క్యాన్సర్‌తో పోయిండు. ద్రోణాచార్య అవార్డు పుట్టింది ఆయన పోయిన 22 ఏండ్లకు. 2024లో హిందీలో సినిమా తీసేదాకా హైదరాబాద్‌లోనే చానామందికి ఆయనెవరో తెలవదు. ముస్లిం బడి పంతులు గదా, ఏ కులసంఘం ఫ్లెక్సీ కడతది?

సన్మానం అంటే ఏమిటో మనకు నేర్పింది వేరే చరిత్ర. అది బొంబాయిలో ఉన్నది.

పల్వంకర్ బాలూ పేరు మన పిల్లలకు ఎంతమందికి తెలుసు? చమార్ కులంలో పుట్టిండు. పూనాలో తెల్లదొరల క్లబ్బు గ్రౌండులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పనిచేసేటోడు. రోలరు గుంజాలె, పిచ్ ఊడ్వాలె, నెట్లు కట్టాలె, సున్నం గీతలు గియ్యాలె. దొరలు బ్యాటింగ్ సాధన చెయ్యడానికి బంతులు వెయ్యాలె. బ్యాటు ముట్టుకునే భాగ్యం లేదు. అట్ల వేసీ వేసీ దేశంలోనే మొదటి వరస ఎడమచేతి బౌలర్ అయిండు. పూనా హిందువుల జట్టుకు ఆయన బౌలింగ్ కావాలె, ఆయన ముట్టిన కప్పు వద్దు. అందరూ లోపల పింగాణీ కప్పులో టీ తాగుతుంటే బాలూకు బయట మట్టి ముంతలో పోసేటోళ్లు. బంతి మీద ఆయన చెయ్యి పడొచ్చు, ఆ బంతిని పట్టుకుని బ్రాహ్మణ ఫీల్డరు ముద్దు పెట్టుకోవచ్చు, కప్పు దగ్గరికి వచ్చేసరికి మైల.

1911లో భారత జట్టు మొదటిసారి ఇంగ్లండ్ పోయింది. కెప్టెన్ పటియాలా మహారాజు. ఎందుకు కెప్టెన్ అంటే మహారాజు కాబట్టి. జట్టు చానా ఆటలు ఓడింది. ముప్పై అయిదేండ్ల బాలూ ఒక్కడే 114 వికెట్లు తీసిండు. తిరిగొచ్చినంక బొంబాయిలో అణగారిన కులాలవాళ్లు సొంతంగా సభ పెట్టి బాలూకు సన్మానం చేసిండ్రు. ఆ సభలో సన్మాన పత్రం రాసి సమర్పించింది ఎవరో తెలుసా? ఇరవై ఏండ్ల కాలేజీ పిల్లగాడు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువుతున్న భీమ్‌రావ్ అంబేడ్కర్.

ఆ సభ గురించి కొంచెం ఆగి ఆలోచించాలె. దొరలు పిలిచి కప్పిన శాలువా కాదది. మహారాజు ఇచ్చిన ఈనాం కాదు. అంటరానోళ్లు తమ మనిషిని తామే గుర్తించి, తమ మాటలో పత్రం రాసుకుని, తమ మధ్య నిలబెట్టి చదివిన సన్మానం. బాలూ దగ్గర ఏదో ఆశించి చేసింది కాదు, బాలూ దగ్గర ఇయ్యడానికి ఏముంది గనక! ఊరు పక్కన పెట్టిన మనిషిని జాతి నడుమకు తెచ్చుకోవడం అది. బాబాసాహెబ్ ఆ వయసులోనే ఆటగాని గెలుపులో రాజకీయం చూసిండు.

తర్వాతి కథ కూడా చెప్పాలె, లేకుంటే అబద్ధమైతది. బాలూను హిందువుల జట్టుకు కెప్టెన్ చెయ్యలేదు, ఎన్ని వికెట్లు తీసినా. 1920లో కెప్టెన్‌గిరీ దగ్గర జరిగిన అన్యాయానికి తమ్ముళ్లు విఠల్, శివరాం జట్టులోంచి బయటికొచ్చి నిరసన చేసిండ్రు. 1923లో విఠల్ కెప్టెన్ అయిండు. అంటే గ్రౌండు ఊడ్చిన ఇంటి నుంచి కెప్టెన్ రావడానికి పాతికేండ్లు పట్టింది, అదీ కొట్లాడితే. ఇక బాలూ 1932 పూనా ఒప్పందం నాడు గాంధీ వైపు నిలిచిండు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్ను తీసుకపోయి బొంబాయిలో అంబేడ్కర్ మీదనే పోటీకి నిలబెట్టింది. అంబేడ్కర్ గెలిచిండు. పెద్ద పార్టీలు మన ఆటగాళ్లను ఎందుకు పిలుస్తయో, శాలువా కింద ఏం దాస్తయో అర్థం కావడానికి ఈ ఒక్క ఎన్నిక చాలు. అయినా 1911 సన్మానం తప్పు కాదు. రాజకీయంలో తేడా వచ్చిందని బాలూ వికెట్లు మనవి కాకుండా పోవు. మన ఉద్యమంలో ఈ మర్యాద ఇప్పుడు తగ్గింది. మాల సంఘం సభలో మాదిగ ఆటగాని పేరు రాదు, మాదిగ సంఘం సభలో మాల ఆటగాని పేరు రాదు. గ్రౌండులో ఇద్దరూ ఒకే జట్టుకు ఆడినోళ్లే.

ఇక మన చిన్న కాలేజీలకు వద్దాం. 2016లో సాంఘిక సంక్షేమ గురుకులాల కింద ఆడపిల్లల కోసం 30 డిగ్రీ కాలేజీలు పెట్టిండ్రు. వరంగల్‌లో కూడా ఉన్నయ్. మొదటి బ్యాచ్ 2019లో డిగ్రీ పూర్తి చేసుకుని బయటికి వచ్చింది. ఈ గురుకులాల నుంచే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిండ్రు. గురుకుల డిగ్రీ కాలేజీలో చదువుతూనే అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. టీ కొట్టు నడిపిన నాయిన బిడ్డ. కోచ్ మళ్లా నాగపురి రమేశే. రెండు రోజుల్లో ఏడు ఆటలు ఆడితే 5712 పాయింట్లు. నాలుగో స్థానంలో ఉన్న స్వప్నా బర్మన్ కన్నా నాలుగే పాయింట్లు ఎక్కువ. అంతే, ఆ అమ్మాయి 'ట్రాన్స్‌జెండర్‌కు నా పతకం పోయింది' అని లోకం ముందట రాసింది, తర్వాత తీసేసింది. స్వప్న కూడా పేదింటి బిడ్డే, రిక్షా తొక్కిన తండ్రి బిడ్డ. పేదోళ్ల పిల్లలిద్దరినీ నాలుగు పాయింట్ల దగ్గర కొట్లాడనిచ్చి పెద్దలు తమాషా చూసిండ్రు. నందిని కండలు చూసి ఆడదేనా అని అడిగినోళ్లున్నరు. నాట్లేసే ఆడోళ్ల కండలు ఎన్నడన్న చూసిండ్రా వీళ్లు? ఆ రోజు ఆమెకు కావాల్సింది శాలువా కాదు. 'మా పిల్లను ఏమంటున్నవ్' అని అడిగే కాలేజీ, అడిగే సమాజం. ఆటగాన్ని గౌరవించడమంటే అది కూడా.

కోచ్‌లకు సన్మానం అంటున్నరు. మరి కోచ్‌లు ఏరి? 2017లో గురుకులాల్లో 616 పీఈటీ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిండ్రు. అది కోర్టు కేసుల్లో పడి ఏండ్లకేండ్లు నలిగింది. పరీక్ష రాసిన పిల్లలు ధర్నాలు చేసీ చేసీ వయసు మీరిండ్రు. ఆ ఏండ్లల్ల ఎన్ని వేలమంది పిల్లలు ఆటల పంతులు లేకుండానే బడి దాటిపోయిండ్రో ఎవరు లెక్క తీసిండ్రు? కల్లెడ బడిలో ఒక ఆటల సారు ఉన్నడు కాబట్టి దీప్తి దొరికింది. సారు లేని బడిలో ఇంకో దీప్తి ఉంటే ఆమె ఇంకా 'పిచ్చిది'గానే ఉన్నది. ఏటా సన్మానం చేసే కాలేజీ యాజమాన్యాలు మా పీడీ పోస్టు ఖాళీగా ఉన్నది, నింపండి అని ఒక్కసారి అయినా సభలో మంత్రిని అడగవు. గంటల లెక్కన జీతం తీసుకునే సారుకు మెమెంటో ఇచ్చి ఫొటో దిగుతరు. ఎండాకాలం రెండు నెలలు జీతం లేదు, మెమెంటో అమ్మితే పొయ్యి వెలగదు.

గ్రౌండులో ఇంకో మనిషి ఉంటడు. ఆయన్ను ఏ సభా పిలువదు. పొద్దున్నే నాలుగింటికి లేచి గ్రౌండు తడిపి, సున్నం కలిపి, దారం పట్టుకుని ఎనిమిది లైన్లు గీసేటోడు. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక సదిరేటోడు. అటెండరో, స్వీపరో, దినకూలో. ఆయన కులం ఏమిటో పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. లైను రెండు అంగుళాలు వంకర పోతే రికార్డు రికార్డు కాదు. ఆయన గీత మీదనే అందరి పతకాలూ నిలబడ్డయ్. బాలూ చేసింది ఆ పనే. రోలరు గుంజే మనిషిని పిలిచి బంతి చేతికిచ్చిన కాలేజీ ఏదన్న మన జిల్లాలో ఉంటే చెప్పండి, మొదటి సన్మానం ఆ కాలేజీకి మేమే చేస్తం.

మాజీ క్రీడాకారులు అంటే తెల్లజుట్టు పెద్దమనుషులే గుర్తుకొస్తరు. మన వాడల్లో లెక్క వేరు. మన ఆడపిల్ల ఇరవై రెండేండ్లకే మాజీ అయితది. డిగ్రీ అయిపోతది, హాస్టల్ ఖాళీ చెయ్యాలె, మెస్ ఉండదు. గుడ్డు, పాలు బంద్. ఇంట్ల పెండ్లి మాట మొదలైతది. స్పైకులు చెల్లెకు ఇస్తది, లేకుంటే అటక మీద పెడతది. మొగపిల్లగాడైతే ఇరవై అయిదుకు మోకాలు పోతది. కబడ్డీలో మోకాలు తిరిగితే ఆపరేషన్‌కు లక్షలు. కాలేజీ ఇయ్యదు, సంఘం ఇయ్యదు. కుంటుకుంటనే సెంట్రింగ్ పనికి పోతడు. వీళ్లే మన చిన్న కాలేజీల 'విశిష్ట పూర్వ క్రీడాకారులు'. వీళ్లను వెతికి పట్టుకోవడం కష్టం కాదు. అడ్రసు ఏ ఊరి వాడలో అడిగినా చెప్తరు.

హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021లో సింథటిక్ ట్రాక్ వచ్చింది. ఆ సెప్టెంబరులోనే 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడ జరిగినయ్. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో 19 ఏండ్ల నాటి జాతీయ రికార్డు బద్దలు కొట్టింది, మన ఊర్లోనే. మంచి ట్రాక్ ఉంటే ఏమైతదో కండ్లారా చూసినం. మరి మన గురుకులం పిల్లలు, సర్కారు కాలేజీ పిల్లలు ఆ ట్రాక్ మీద వారానికి ఎన్నిరోజులు ఉరుకుతున్నరు? పోయిరావడానికి బస్సు ఎవరు పెడుతున్నరు? పొద్దున వాకింగ్‌కు వచ్చే సార్లకు ఉన్న దారి ఈ పిల్లలకు ఎందుకు లేదు? కాలేజీ సన్మాన సభకు కలెక్టరునో మంత్రినో పిలిచినప్పుడు ఈ ప్రశ్నలు మైకులో అడగాలె. పూర్వ క్రీడాకారుడే లేచి అడగాలె. శాలువా కప్పుకున్నంక మైకు చేతికిస్తరు గదా.

ఈ ఏడు వరంగల్, హనుమకొండ జిల్లాల్లోని చిన్న కాలేజీల ముందు మా డిమాండు ఇది. సన్మానం చెయ్యండి, కానీ ముందు రిజిస్టరు దించండి. స్పోర్ట్స్ గదిలో చెదలు పట్టిన టీమ్ లిస్టులు, సర్టిఫికెట్ల కార్బన్ కాపీలు, గోడమీది గ్రూపు ఫొటోలు. వాటిలోంచి పేర్లు తీసి, ఏ సంవత్సరం ఏ ఆటలో ఎవరు ఆడిండ్రో, ఎవరు నేర్పిండ్రో, గ్రౌండు ఎవరు చూసుకున్నరో నోటీసు బోర్డు మీద కాదు, గ్రౌండు గోడ మీద పెయింటుతో రాయించండి. శాలువా, పూలదండ, ఫ్లెక్సీ, అతిథుల టిఫిన్ ఖర్చు ఎంతైతదో అంత పైసలతో మోకాలు పోయిన ఒక్క ఆటగానికి ఆపరేషన్ చేయించండి, చేయించలేకుంటే చందా మొదలన్న పెట్టండి. బాగా ఆడి డిగ్రీ అయిపోయిన అమ్మాయిలకు ఇంకో రెండేండ్లు హాస్టల్, మెస్ ఇయ్యమని ప్రభుత్వానికి తీర్మానం పంపండి. స్టేజీ మీద మొదటి కుర్చీ గ్రౌండు మనిషికి, రెండో కుర్చీ పీఈటీకి. ఎమ్మెల్యేగారికి కూడా ఒక కుర్చీ వెయ్యండి, మేం కాదనం. వాళ్లు ముందు వరసలో కింద కూర్చుని వింటే ఇంకా సంతోషం.

కాలేజీలు చెయ్యకుంటే? 1911లో బొంబాయిలో చేసినట్టే మనమే చేద్దాం. అంబేడ్కర్ భవన్లున్నయ్, హాస్టళ్లున్నయ్, చెట్ల కింద జాగ ఉన్నది. పత్రం రాయడానికి కాలేజీ పిల్లలున్నరు. ఏప్రిల్ 14 సభల్లో నాయకుల ఉపన్యాసాలకు ఇచ్చే టైంలోంచి ఒక్క అరగంట ఆ వాడ పాత ఆటగాళ్లకు ఇస్తే చాలు.

పాఠకులకు ఒక పని చెప్తున్నం. మీ ఊర్లో, మీ వాడలో, మీరు చదివిన కాలేజీలో ఒకప్పుడు ఉరికినోళ్లు, దుంకినోళ్లు, కూతపెట్టినోళ్లు, వాళ్లకు నేర్పిన సార్లు, మేడమ్‌లు, గ్రౌండు చూసుకున్నోళ్లు ఎవరున్నరో వాళ్లనే అడిగి, వాళ్ల ఒప్పుకోలుతోనే రాసి పంపండి. పేరు, ఊరు, ఏ ఏడాది, ఏ ఆట, ఎక్కడిదాక పోయిండ్రు, ఎందుకు ఆగిపోయిండ్రు, ఇప్పుడు ఏం పని చేస్తున్నరు. పాత ఫొటో ఉంటే నకలు పెట్టండి, అసలుది వాళ్ల దగ్గరనే ఉండనియ్యండి. అర పేజీ చాలు, భాష గురించి రంది పడొద్దు. వచ్చే సంచిక నుంచి ఒక పేజీ వాళ్లకే.